రెండు వేళ్ళ రిమోట్

ఎనిమిది స్విచ్చుల్లో ఫ్యానుది ఏదో సరిత చూడకుండానే వేసింది. చేతుల్లో మందుల పళ్ళెం ఉంది, చూపు మంచం మీద ఉంది, మోచేతిని అలా గోడకు ఆనించి ముందుకు సాగిపోయింది, నెత్తిమీద ఫ్యాను తిరగడం మొదలుపెట్టింది. టీవీ బల్ల ముందు నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్న ఆమె మొగుడు రాజేందర్‌కు గుండెలో కలుక్కుమంది. హఫీజ్‌పేట్ స్టేషన్ పక్కన టీవీలు, డిష్షులు బాగుచేసే కొట్టు నడిపే మనిషి, ఇరవై ఏళ్ళుగా వాళ్ళ ఇళ్ళకూ వీళ్ళ ఇళ్ళకూ తిరిగినవాడు, స్విచ్చుల సంగతి అతనికి ఒకరు చెప్పాలా. పరాయి ఇంట్లో మనిషి చెయ్యి బోర్డు మీద తడబడుతుంది. లైటు వేయబోయి గీజరు వేస్తుంది, తప్పయిందని నాలిక్కరుచుకుంటుంది. చూడకుండా వేసిందంటే ఆ చెయ్యి ఆ గోడకు అలవాటైపోయిందన్నమాట. అలవాటు కాక ఏం చేస్తుంది, ఎనిమిది నెలలుగా పగలంతా ఇక్కడే కదా ఉంటుంది, రోజూ పొద్దున బండి మీద తెచ్చి గోపన్‌పల్లిలో ఈ అపార్ట్‌మెంటు గేటు ముందు దింపేది తనే కదా, అని బుద్ధి చెప్పింది. బుద్ధి చెప్పినంత మాత్రాన కడుపులో మంట చల్లారితే ఇంకేం కావాలి. ఇంట్లో ఉన్నవి మూడు స్విచ్చులు, వాటిని కూడా సరిత ఇలాగే చూడకుండా వేస్తుందా అని గుర్తు తెచ్చుకోబోయాడు, గుర్తు రాలేదు. ఆమె స్విచ్చు వేస్తుంటే అతనెప్పుడైనా చూస్తే కదా.

పేషెంటు అని ఆమె అన్నప్పుడల్లా ఒక ముసలాయన అతని కళ్ళ ముందు మెదిలేవాడు. నెరిసిన గడ్డం, ఆగని దగ్గు, మంచం కింద ఉమ్మి డబ్బా. అలాంటివాడికి ఆడమనిషి సేవ చేస్తే పుణ్యమూ జీతమూ రెండూ వస్తాయి, ఎవరికేం నొప్పి. తీరా ఇవాళ ఆదివారం కొట్టు మూసి, మొదటిసారి గేటు దాటి, తొమ్మిదో అంతస్తులో లిఫ్టు దిగి ఈ గదిలోకి వచ్చేసరికి, తలవైపు ఎత్తిపెట్టిన మంచం మీద నలభై ఏళ్ళ మనిషి చిరునవ్వుతో ఉన్నాడు. క్రిస్టోఫర్ ఆయన పేరు. ఏలూరు వైపు మనిషి, సాఫ్ట్‌వేర్ కంపెనీలో పెద్ద ఉద్యోగం, పెళ్ళి కాలేదు. రెండేళ్ళ కిందట రింగు రోడ్డు మీద కారు పల్టీ కొట్టి వెన్ను దెబ్బతింది. కాళ్ళు పోయాయి, కుడిచెయ్యి పోయింది, ఎడమచేతికి చూపుడువేలూ మధ్యవేలూ మాత్రం మిగిలాయి. ఆ రెండు వేళ్ళతోనూ నోటిమాటతోనూ మంచం మీంచే ఉద్యోగం చేస్తాడట. ఇవన్నీ సరిత ఎప్పుడో చెప్పే ఉంటుంది, అన్నం తింటూ ఊ కొట్టి ఉంటాడు. చెప్పనిది ఒక్కటే, ఆయన ఇంత బాగుంటాడని. మంచం పట్టిన మనిషికి ఆ కళ ఏమిటి, ఆ నవ్వేమిటి, నున్నగా గీసిన ఆ గడ్డమేమిటి. చెయ్యి ఆడని మనిషికి గడ్డం ఎవరు గీశారు అన్న ప్రశ్న అప్పుడే పుట్టింది. రాత్రి డ్యూటీకి వచ్చే అటెండెంటు గీస్తాడేమోలే అని కాసేపు సర్దుకున్నాడు. ఇంతలో కిటికీ గట్టు మీద నురగ బ్రష్షు, దాని పక్కన ఇంకా తడి ఆరని తువ్వాలు కనబడ్డాయి. రాత్రి వాడిన తువ్వాలు సాయంత్రం నాలుగింటికి తడిగా ఉండదు.

"రండి రాజేందర్ గారూ, ఆదివారం పూట శ్రమ పెట్టాం మిమ్మల్ని," అన్నాడు క్రిస్టోఫర్. "సరిత గారు మీ గురించి రోజూ చెప్తారండి. మా ఆయన చెయ్యి పడితే చచ్చిన టీవీ కూడా లేచి కూర్చుంటుందంటారు."

సరిత గారు. పన్నెండేళ్ళ కాపురంలో ఆ మాట రాజేందర్ చెవిన పడలేదు. కూతురి బడిలో మీటింగుకు పోతే టీచరు కూడా నీహారిక మమ్మీ అంటుంది తప్ప గారు అనదు. ఇక తను, ఏందే అంటాడు, ఓయ్ అంటాడు, ఎక్కువసార్లు పేరే లేకుండా నీళ్ళియ్యి అంటాడు. ఎదుటివాడు ఏ సరితా అనో నువ్వు అనో పిలిచి ఉంటే రాజేందర్‌కు పని సులువయ్యేది, కోపం తెచ్చుకోవడానికి ఒక కొక్కెం దొరికేది. ఎందుకంటే అతను వచ్చింది రిమోటు బిగించడానికి మాత్రమే కాదు. రెండు నెలలుగా సరిత ఆరింటికి రావలసింది తొమ్మిదింటికి వస్తోంది. అడిగితే, సార్ దగ్గర సినిమాల కంప్యూటరు ఉంది, దాని రిమోటు పనిచేస్తలేదు, సినిమా పెట్టాలన్నా ఆపాలన్నా నేనే పక్కన కూసుని కీబోర్డు నొక్కాలె, అంటోంది. పక్కన కూసుని. దగ్గే ముసలాయన పక్కనే అయినా సరే, ఆ ముక్క అతని గొంతులో చేపముల్లులా దిగింది. మొన్న ఆమే వచ్చి, కొత్త రిమోటు తెప్పించిండు, మా ఆయన పెడ్తడు సార్ అని చెప్పిన, ఆదివారం రా అన్నప్పుడు మారుమాట్లాడకుండా సరే అన్నాడు. కళ్ళారా చూడాలి. చూడకూడనిది ఒక్కటంటే ఒక్కటి కనబడినా రేపట్నుంచి పనికి పోవద్దు అనెయ్యాలి. నల్లగండ్ల ఫ్లైఓవర్ దిగేలోపు ఆ మాటను హెల్మెట్ లోపల నాలుగుసార్లు పలికి చూసుకున్నాడు. అనుమానం పెనుభూతం అంటారు, అతని భూతం బండి వెనక సీటు మీద కూర్చుని మరీ వచ్చింది.

పని చూస్తే చిన్నదే. టీవీ కింద అరలో టిఫిన్ డబ్బా అంత నల్లటి కంప్యూటరు ఉంది. సినిమాలు, పాటలు, చర్చి ప్రసంగాలు అన్నీ దాని కడుపులోనే. దాని ముందువైపు పొగరంగు ప్లాస్టిక్కుతో చిన్న కిటికీ, ఆ కిటికీ వెనకే రిమోటు వెలుగును పట్టుకునే కన్ను. కొత్త రిమోటు మీద రూపాయి బిళ్ళలంత బటన్లు తొమ్మిదే ఉన్నాయి, మంచం పక్క కడ్డీకి బిగిస్తే క్రిస్టోఫర్ రెండు వేళ్ళకు అందుతుంది. అయితే ఏ బటన్ నొక్కితే ఏం చేయాలో కంప్యూటరుకు ముందు నేర్పాలి. అందుకో ప్రోగ్రాం ఉంది. అది ముందుగా బటన్లన్నీ అడ్డదిడ్డంగా నొక్కమంటుంది, వెలుగు అందిన ప్రతిసారీ తెర మీద ఒక చుక్క పెడుతుంది, రెండు వరసలు నిండాక ఒక్కో బటనుకు పేరు రాసి నొక్కిపట్టుకోమంటుంది. టీవీ మెకానిక్కుకు ఈ కంప్యూటరు తంతు కొత్త. క్రిస్టోఫర్ చెప్తుంటే తను టైపు చేయాలేమో, ఇంగ్లీషులో తప్పులు పడతాయేమో, ఆయన ముందు నవ్వులపాలవుతానేమో అని దారి పొడుగునా బెరుకుగానే ఉంది. తీరా చూస్తే కీబోర్డు సరిత ఒళ్ళో ఉంది. మంచం పక్క స్టూలు మీద కూర్చుని, ఆయన "ఆ నల్ల విండో తెరవండి, నిన్నటి లైనే మళ్ళీ కొట్టండి" అనగానే టకటకా కొట్టింది. "ఎంటర్ కొట్టిన సార్" అంది. ఇంగ్లీషు అక్షరాలు తెర మీద బారులు తీరాయి. రాజేందర్ స్క్రూడ్రైవర్ పట్టుకుని చూస్తూ ఉండిపోయాడు. ఈమె ఇది ఎప్పుడు నేర్చుకుంది, ఎవరు నేర్పారు అని అడగనక్కరలేదు, నేర్పినవాడు తెల్లటి దిండుకు ఆనుకుని ఎదురుగానే ఉన్నాడు.

పెళ్ళయిన కొత్తలో సరిత రోజూ కొట్టుకు వచ్చేది. మధ్యాహ్నం సద్దిగిన్నె తెచ్చి, అతను తినేదాకా ఆగి, తిన్నాక కూడా పోకుండా కూర్చునేది. ఇదేంది, అదేంది, ఇది కాలితే ఏమైతది అని అడిగేది. అతను బోర్డుకు సోల్డరింగ్ పెడుతుంటే టార్చి పట్టేది. ఒకరోజు ఆమె చెయ్యి వణికి వెలుగు పక్కకు జరిగింది, అతని వేలు చుర్రుమంది. లైటు పట్టుడు గూడ రాదా నీకు, ఇంటికి పో, అన్నాడు. పక్కన ఇద్దరు గిరాకీలు ఉన్నారు, వాళ్ళు నవ్వారు. ఆ తర్వాత ఆమె సద్దిగిన్నె పంపేది, తను వచ్చేది కాదు. అదేదో పెద్ద సంగతి అని అప్పుడు అనుకోలేదు, ఇవాళ ఈ గచ్చు మీద కూర్చుంటే ఎందుకో అదే గుర్తొస్తోంది. అడిగే నోరు అప్పుడూ ఉంది ఆమెకు. ఇదేంది అంటే చెప్పే మనిషి దొరికితే వదిలిపెడుతుందా. తను చెప్పలేదు, ఈయన చెప్పాడు, అంతే తేడా. అంతే తేడా అనుకోగానే ఈర్ష్య తగ్గకపోగా రెండింతలైంది, ఎందుకంటే ఇందులో ఎదుటివాడి తప్పేం కనబడలేదు.

"నొక్కండి రాజేందర్ గారూ, ఏ బటనైనా పర్లేదు," అన్నాడు క్రిస్టోఫర్.

నొక్కాడు. తెర మీద చుక్క పడలేదు. ఇంకోటి నొక్కాడు, మూడోది నొక్కాడు, ఇంకాస్త ముందుకు వంగి తొమ్మిదీ వరసగా నొక్కాడు. ఒక్క చుక్కా లేదు. పది సెకన్లు చూసి, వెలుగేమీ అందలేదని రాసి ఆ ప్రోగ్రాం తనంతట తను మూసుకుపోయింది. సరిత మళ్ళీ తెరిచింది, మళ్ళీ మూసుకుపోయింది. సెల్లులు తీసి గచ్చు మీద దొర్లించి మళ్ళీ వేశాడు, తర్వాత సంచిలోంచి కొత్తవి తీసి వేశాడు. ఆమె ముందు, అంతకంటే ఆయన ముందు, చచ్చిన టీవీని లేపే చెయ్యి ఇలా తెల్లమొహం వేయడం రాజేందర్‌కు నరకంగా ఉంది. క్రిస్టోఫర్ మంచం కడ్డీ మీద రెండు వేళ్ళను ఒకసారి పైకెత్తి దించాడు, అంతే. సరిత కీబోర్డు పక్కన పెట్టి లేచి నీళ్ళ గ్లాసు అందుకుంది, గొట్టం ఆయన పెదవుల మధ్య పెట్టింది, ఆయన తాగాక మూతి తుడిచి మళ్ళీ కూర్చుంది. ఇద్దరిలో ఒకరూ మాట్లాడలేదు. ఎన్ని వేలసార్లు జరిగితే అంత మౌనంగా జరుగుతుంది ఒక పని. ఇంట్లో తను మూడుసార్లు కేకేస్తే గానీ నీళ్ళు రావు, వచ్చినా ఠంగుమని బల్ల మీద పడతాయి. నేను కూడా రెండు వేళ్ళు ఎత్తితే చాలునా అనుకున్నాడు. అనుకున్నందుకు సిగ్గేసింది. కాళ్ళు చేతులు సక్కగా ఉన్నవాడు మంచం పట్టినవాణ్ణి చూసి కుళ్ళుకోవడం ఎక్కడైనా ఉందా, ఎద్దు పుండు కాకికి ముద్దొచ్చినట్టు. అయినా సరే కుళ్ళుకున్నాడు.

ఫోన్ తీసి కెమెరా తెరిచాడు. రిమోటు వెలుగు మనిషి కంటికి ఆనదు గానీ ఫోన్ కెమెరాకు ఆనుతుంది, ప్రతి మెకానిక్కుకూ తెలిసిన ఉపాయం ఇది. కొత్త రిమోటు మూతిని కెమెరా ముందు పెట్టి నొక్కితే ఊదారంగు వెలుగు మిలమిల మెరిసింది. పాత రిమోటు అడిగాడు. సరిత దాన్ని ఏ అరలో ఉందో వెతకకుండా తీసి ఇచ్చింది, దాని సెల్లులు మార్చి చూస్తే అది కూడా మెరిసింది. అంటే రెండు నెలల కిందట పాతది చెడిపోలేదు, కొత్తదానికీ రోగం లేదు, లోపం కంప్యూటరులోనే ఉంది. మనుషుల మధ్య నడిచేది కూడా ఇలా ఒక కెమెరాలో కనబడితే ఎంత బాగుండు. మంచానికీ స్టూలుకూ మధ్య ఫోన్ పెట్టి చూసి, ఏదీ లేదనో ఉన్నదనో తేల్చుకుని ఇంటికి పోవచ్చు. కన్నే పోయి ఉంటది సార్, డబ్బా విప్పాలె, అన్నాడు. విప్పండి, మీ ఇష్టం, అన్నాడాయన. కర్టెన్లు వేసిన గది మసక మసకగా ఉంది. రాజేందర్ బోర్లా పడుకుని అరలోకి చెయ్యి పెట్టి, స్క్రూల కోసం డబ్బా ముందు భాగమంతా వేళ్ళతో తడిమాడు. పొగరంగు కిటికీ దగ్గర వేలికి మెత్తగా తగిలింది. ప్లాస్టిక్కు మెత్తగా ఉండదు. గోరుతో గీరితే ఊడి వేలికి అంటుకుంది. చెయ్యి బయటికి తీసి చూసుకున్నాడు.

మెరూన్ రంగు మఖ్మల్ బొట్టుబిళ్ళ, శనగగింజంత.

అది ఎవరిదో అడగనవసరం లేదు, ఆ బిళ్ళల అట్ట స్టేషన్ ముందు దుకాణంలో కొన్నప్పుడు తను బండి మీదే కూర్చుని తొందరపెట్టాడు. ఆడమనిషి బొట్టుబిళ్ళ ఎప్పుడు తీస్తుంది. మొహం కడిగేటప్పుడు తీస్తుంది, తీసి అద్దానికి అంటిస్తుంది, నల్లాకు అంటిస్తుంది. కానీ ఇది స్నానాలగది కాదు, ఇక్కడ అద్దం లేదు, నల్లా లేదు. ఇది పడకగది. పడుకునేటప్పుడు కూడా తీస్తుంది. మంచానికి ఎదురుగా, నేలకు జానెడు ఎత్తున, కింద కూర్చుంటేనో ఒరిగితేనో తప్ప అందని చోట. పక్కన కూసుని అన్న మాట రాజేందర్ చెవుల్లో హోరెత్తింది. రాత్రి ఏడింటికి, ఎనిమిదింటికి, తను నీహారికకు అన్నం కలిపి పెడుతున్న వేళ, కర్టెన్లు వేసిన ఈ గదిలో తెర మీద సినిమా ఆడుతుంటే ఈ బొట్టు ఆ నుదుటి మీంచి ఎలా ఊడింది, ఎవరు తీశారు. ఎవరు తీస్తారు, ఆయన చెయ్యి లేవదు. లేవకపోతే ఏం, రెండు వేళ్ళున్నాయి, బొట్టు తీయడానికి రెండు వేళ్ళు చాలు. దొరికింది, తను వెతకవచ్చిన ఆ ఒక్కటీ దొరికింది, కొండను తవ్వితే ఎలుక కాదు, పామే దొరికింది. ఫ్లైఓవర్ మీద నేర్చుకున్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. తల తిప్పి చూశాడు. సరిత నుదుటి మీద అదే రంగు బిళ్ళ, దాని చుట్టూ సన్నటి చెమట, ఆమె తెర వైపే చూస్తోంది. దాచుకోవలసినదేదీ లేనిదానిలా కూర్చుంది, లేదా అంత బాగా దాచుకోవడం కూడా నేర్చుకుంది.

"ఏమైందండీ, ఏదైనా దొరికిందా?" అన్నాడు క్రిస్టోఫర్.

రాజేందర్ గుప్పిట మూసుకుంది. మీ కంప్యూటరు మీద నా పెండ్లాం బొట్టు దొరికింది అని ఆయన మొహం మీద అనాలంటే, ఆ మాట బయటికి రాకముందే తన పరువు ఈ తొమ్మిదో అంతస్తు మీంచి కింద పడేటట్టుంది. "దుమ్ము సార్," అన్నాడు. "కన్ను మీద దుమ్ము పట్టింది." బిళ్ళను చొక్కా జేబులోకి జార్చి, రిమోటు అందుకుని నొక్కాడు. తెర మీద చుక్క పడింది. ఇంకోటి పడింది. ఆపకుండా నొక్కుతూ పోతే గుట్టలుగా చుక్కలు పడ్డాయి, రెండు వరసలూ నిండిపోయాయి. సరిత చప్పట్లు కొట్టలేదు గానీ కొట్టబోయినట్టు చేతులు దగ్గరికి తెచ్చింది, "చెప్పిన గద సార్" అంది. ఆమె గొంతులో గర్వం ఉంది, మొగుణ్ణి చూసి గర్వపడుతోంది, ఇంకో రోజైతే రాజేందర్ దానికి పొంగిపోయేవాడు. ఇల్లలకగానే పండగ కాదు కదా, తొమ్మిది బటన్లకూ పేర్లు పెట్టాలి. ఆయన పేరు చెప్తాడు, ఆమె టైపు చేస్తుంది, ఇతను నొక్కిపడతాడు. పైకి, కిందికి, ఆడు, ఆపు. ఎనిమిదోది దేనికి పెడదామంటే, అక్క జాస్మిన్ వచ్చినప్పుడు ప్రసంగాలు పెట్టమంటుంది, దానికో బటన్ ఉంచండి, లేకపోతే నన్ను బతకనివ్వదు, అన్నాడు క్రిస్టోఫర్. సరిత నవ్వింది. ఆ నవ్వులో తనకు తెలియని పాత ముచ్చట ఏదో ఉంది. ముగ్గురూ కలిసి చేస్తున్న పనిలో ఇద్దరే ఉన్నట్టుగా, తను నొక్కే వేలు మాత్రమే అయినట్టుగా అనిపించింది. జేబులో ఉన్న బిళ్ళ బరువెంత, నూలుపోగంత కూడా ఉండదు, అది రొమ్ము మీద కుంపటిలా కాలుతోంది.

రిమోటును మంచం కడ్డీకి బిగించాడు. క్రిస్టోఫర్ రెండు వేళ్ళూ దాని మీద పెట్టి, కాసేపు ఆగి, నొక్కాడు. తెర మీద పాటల వరస జరిగింది. ఇంకోసారి నొక్కాడు, వయొలిన్ మొదలైంది. ఎవరినీ పిలవకుండా, ఎవరినీ అడగకుండా. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి, మొహం గోడవైపు తిప్పుకోబోయి తిప్పుకోలేక నవ్వేశాడు. "ఇక సరిత గారు ఆరింటికే ఇంటికి వెళ్ళిపోవచ్చండి, రెండు నెలలుగా నావల్ల పాపం చాలా ఇబ్బంది," అన్నాడు. రాజేందర్ వెంటనే సరిత మొహం చూశాడు. నిరాశ ఎక్కడైనా దొరుకుతుందేమోనని కనురెప్పల దగ్గర, పెదవుల చివర వెతికాడు. ఆమె మొహంలో సంతోషం తప్ప ఏమీ లేదు. తన కోసం సంతోషమా, ఆయన కోసం సంతోషమా అన్నది తేలలేదు. ఐదవుతోంది, ఆదివారం ఐదింటికి జాస్మిన్ వస్తుంది, సరితకు సెలవు. క్రిస్టోఫర్ చివరి బటన్ నొక్కాడు. పాట ఆగింది, తెర నల్లబడింది, కంప్యూటరు నిద్రపోయింది. నిద్రపోగానే పొగరంగు కిటికీ వెనక, ఆ కన్ను పక్కనే, ఎర్రటి లైటు మిటుకు మిటుకుమని కొట్టుకోవడం మొదలుపెట్టింది. మసక గదిలో అది సూటిగా మంచం వైపే కొడుతోంది.

"అరె, ఈ లైటు మళ్ళీ వచ్చిందే," అన్నాడు క్రిస్టోఫర్ కళ్ళు చిట్లించి. "దీనివల్ల మధ్యాహ్నం కునుకు పట్టేది కాదండి. కొన్నాళ్ళుగా కనబడకపోతే దానంతటదే మాడిపోయిందనుకున్నాను."

సరిత కుడిచెయ్యి పైకి లేచింది. ఆలోచించి లేపింది కాదు, ఫ్యాను స్విచ్చు వేసినట్టే, చూడకుండానే. గోరు బొట్టుబిళ్ళ అంచు కిందికి వెళ్ళింది, బిళ్ళ సగం లేచింది, అక్కడ ఆగిపోయింది. ఆమె రాజేందర్ వైపు చూసింది, అతని చొక్కా జేబు వైపు చూసింది, దుమ్ము అని అతనెందుకన్నాడో అప్పుడర్థమైంది కాబోలు, బిళ్ళను వేలితో మళ్ళీ నుదుటికి నొక్కుకుంది.

అయితే ఇదా సంగతి. పామూ లేదు, ఎలుకా లేదు. లైటు మీద బొట్టు పెట్టింది, లైటుతో పాటు కన్ను కూడా మూసుకుపోయింది, రిమోటు చచ్చింది. రాజేందర్ గుండె తేలికపడాలి, పడలేదు. చెడ్డపని అయితే దాన్ని పట్టుకుని ఊపేయవచ్చు, వద్దనవచ్చు, నలుగురిని పిలిచి అడగవచ్చు. దీన్ని ఏమని అడగాలి. ఆయనకు చెప్పి చేసి ఉంటే జీతానికి చేసిన పని అనుకునేవాడు. చెప్పను కూడా చెప్పలేదు. ఒక మనిషి నిద్రపోవాలని నుదుటి బొట్టు తీసి అంటించి, ఆ నుదురు బోడిగా పెట్టుకుని పని చేసుకుని, ఎవరికీ చెప్పకుండా ఇంటికొచ్చి అన్నం వండింది. ఆ నిద్రపోవలసిన మనిషి తను కాదు. ఆ ఒక్క ముక్కే అతన్ని లోపల కోస్తోంది. సంచిలోంచి నల్ల టేపు తీశాడు, కత్తెరతో గోరంత ముక్క కత్తిరించి, దాన్ని మళ్ళీ సగం చేసి, బోర్లా పడుకుని కన్నుకు తగలకుండా లైటు మీద మాత్రమే అంటించాడు. మంచితనంతో చేశాడనుకుంటే పొరపాటు. రేపు ఆమె మళ్ళీ నుదుటి మీంచి బొట్టు తీయకూడదు, అంతే. "ఇప్పుడు చూడండి సార్," అన్నాడు. గది చీకటిగా ఉంది, రెండు వేళ్ళు నొక్కితే టీవీ వెలిగింది. "మీరు మామూలు మనిషి కాదండీ రాజేందర్ గారూ," అన్నాడు క్రిస్టోఫర్. అవును సార్ అనాలనిపించింది అతనికి.

లిఫ్టులో ఇద్దరే ఉన్నారు. తలుపు మూసుకున్నాక సరిత నేల వైపు చూస్తూ అంది.

"రాత్రంత నొప్పులకు మేల్కొనే ఉంటడు. పగటీలి గంటన్న పండుకుంటె బాగుంటదని, ఏం దొరకక నుదుటిది తీసి వెట్టిన. పక్కన కన్నున్నదని నాకేమెరుక. నేనే ఖరాబ్ చేసి, రెండు నెల్లు నేనే తొమ్మిదిదాక కూసున్న."

"లైటుతోటి నిద్ర పడ్తలేదని ఆయన చెప్పిండా నీకు?"

"చెప్పలే."

"మరి నీకెట్లెరుక?"

"నాకు గూడ పట్టదు గద," అంది సరిత. అతను ఆమె వైపు తిరిగాడు. "మనింట్ల ఇన్వర్టర్ లైటు లేదా, సక్కగ నా మొకం మీదికే ఉంటది. గుడ్డ కప్పితే వేడెక్కి పేల్తదని నువ్వే గుంజి పారేస్తివి. ఒకసారి కప్పిన, రెండుసార్లు కప్పిన. ఇగ గోడ దిక్కు తిరిగి పండుకుంటున్న."

ఆమె నిష్ఠూరంగా అనలేదు. కరెంటు పోయిందనో పాలు విరిగాయనో చెప్పినట్టు చెప్పింది. గోడవైపు తిరిగి పడుకుంటుందని అతనికి తెలుసు. ఈ రెండు నెలలుగా ఆ వీపును చీకట్లో చూస్తూ దానికి ఎన్ని అర్థాలు కట్టాడో, ఎవరెవరిని ఆ వీపుకు అవతల నిలబెట్టాడో ఆ దేవుడికే తెలియాలి. ఇన్వర్టర్ కొన్నది నీహారిక పుట్టిన ఏడు. పదేళ్ళు. గుడ్డ లాగి పారేసి, మెకానిక్ పెండ్లానివి, గింత తెల్వదా అని నవ్వింది కూడా గుర్తొచ్చింది. చూడకూడనిది ఒక్కటి వెతకడానికి ఇంత దూరం వచ్చాడు, తొమ్మిది అంతస్తులు ఎక్కాడు.

కింద బండి స్టాండు తీశాడు. రేపట్నుంచి పనికి పోవద్దు అన్న మాట నోట్లో ఇంకా ఉంది, కానీ దాన్ని ఎవరితో అనాలో తెలియలేదు.

"రేపు," అన్నాడు.

"రేపేంది?"

"ఎన్ని గంటలకు పోవాలె?"

"రోజు పోయే యాళ్ళకే," అంది సరిత, బండెక్కి కూర్చుంటూ.